గుడి కూల్చి మఠాన్ని ఇల్లు చేసుకున్నారు: లేకాక్‌లో మూడు రోజులు, ఇంట్లో ఒక రోజు

మొదటి రోజు, శుక్రవారం

మేముండేది ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్లో. మా ఆఫీసుకి పది నిమిషాల నడకలో ఒక పాత మఠం శిథిలాలున్నాయి, రెడింగ్ యాబీ అంటారు. 1121లో మొదటి హెన్రీ రాజు కట్టించాడు, పోయాక ఆయన్ని పాతిపెట్టిందీ అక్కడే. ఎండ కాసిన రోజు లంచ్ బాక్స్ పట్టుకుని ఆ గోడల నీడన కూర్చోవడం నాకు అలవాటు. చెక్కిన రాయంతా ఎవరెవరో వలుచుకుపోతే లోపల గచ్చుతో పోసిన చెకుముకి రాళ్లు మాత్రం మొండిగా నిలబడి ఉంటాయి, చిగుళ్లు లేని పళ్లలాగా.

జూన్‌లో మా అత్తయ్య కోనసీమ నుంచి వచ్చారు. ఓ రోజు ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్తే చుట్టూ ఒకసారి చూసి, "ఇంత గుడి, యుద్ధంలో పడిపోయిందా అమ్మాయ్?" అన్నారు. కాదత్తయ్యా, వాళ్ల రాజే పడగొట్టించాడు అన్నాను. ఎనిమిదో హెన్రీ భార్యకి విడాకులివ్వడం కోసం పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు, 1536 నుంచి 1540 లోపల దేశంలో ఉన్న 800 పైచిలుకు మఠాలన్నీ మూయించి ఆస్తులు లాక్కున్నాడు, ఈ రెడింగ్ మఠాధిపతిని 1539 నవంబరులో ఆయన మఠం ముందే ఉరి తీయించాడు. ఆ తర్వాత రాళ్లు బళ్ల మీద వెళ్లిపోయాయి, కొన్ని విండ్సర్ కోటలో పేద సైనికుల ఇళ్లకి కూడా. అత్తయ్య అంతా విని, "మరి మిగతా మఠాలన్నీ ఇలాగే ఉన్నాయా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబుగానే ఈ ప్రయాణం. ఆగస్టు చివర్లో సోమవారం కూడా సెలవొచ్చింది కాబట్టి, కూలకుండా ఇల్లుగా మారిన ఒక మఠాన్ని చూద్దామని లేకాక్ బయల్దేరాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల మా చిన్ని, అత్తయ్య, ఇద్దరికి సరిపోయే ఓపిక, ఆరుగురికి సరిపోయే పులిహోర.

ఎమ్ 4 మోటార్‌వే మీద పడమరకి వెళ్లి, పదిహేడో జంక్షన్‌లో దిగి, చిప్పెన్‌హామ్ దాటితే కాసేపటికి లేకాక్ వస్తుంది. గంటంపావు దారి. సెలవుల ముందు శుక్రవారం సాయంత్రం కదా, మాకు రెండున్నర గంటలు పట్టింది.

ఊళ్లోకి దిగగానే ఏదో తేడాగా ఉందనిపించింది, అదేంటో చిన్ని పట్టేసింది. "అమ్మా, వైర్లు లేవు." నిజమే. పైన కరెంటు తీగల్లేవు, టీవీ యాంటెన్నాల్లేవు, రోడ్డు పక్కన పసుపు గీతల్లేవు. నాలుగు వీధుల ఊరు. చెక్క దూలాలు బయటికి కనబడే ఇళ్లు, వంగిపోయిన కప్పులు. ఊరు దాదాపు మొత్తం పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది, జనం అద్దెకుంటారు. అలా ఎందుకైందో రేపటి సంగతుల్లో చెప్తాను. మఠానికి కట్టాల్సిన ధాన్యం పోసిన పెద్ద కొట్టం ఒకటి ఇంకా ఉంది, పధ్నాలుగో శతాబ్దంది. పంటలో పదో వంతు మఠానికి అన్నమాట. "మనకి దేవుడి మాన్యం శిస్తు లాంటిదే" అని అత్తయ్య తేల్చేశారు.

రాత్రి భోజనానికి వెళ్లిన జార్జ్ అనే పాత సత్రంలో పొయ్యి పక్కన గోడకి ఒక చెక్క చక్రం ఉంది. మాంసం కాల్చే ఊచ తిరగడానికి ఆ చక్రంలో కుక్కని పరిగెత్తించేవారట. చిన్ని అన్నం మానేసి దాన్నే చూస్తూ కూర్చుంది, కుక్కకి మాంసం పెట్టేవాళ్లా లేదా అని పదిసార్లు అడిగింది.

బస గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, పేరు చెప్పను. "ఫ్యామిలీ రూమ్" అని ఫోటోలో పెట్టింది అటక. మెట్లు ఎంత ఇరుకంటే మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య కూర్చుని ఒక్కో మెట్టూ పైకి జరుపుకుంటూ ఎక్కారు, మావారు రాత్రి లేచినప్పుడల్లా దూలానికి తల కొట్టుకున్నారు. మూడోసారి కొట్టుకున్నప్పుడు ఎవరూ నిద్ర లేవలేదు కూడా.

రెండో రోజు, శనివారం

పదిన్నరకల్లా లేకాక్ యాబీ గేటు దగ్గర ఉన్నాం. పచ్చిక దాటి వెళ్తుంటే ముందు కనబడేది పొగ గొట్టాలు, మెలితిరిగిన ఇటుక గొట్టాలు, తర్వాత ఎనిమిది పలకల బురుజు, తర్వాత పైన మొనదేలిన గోథిక్ కిటికీలు. మఠం అని ఎవరైనా చెప్తే తప్ప తెలీదు. సంపన్న జమీందారు బంగళాలా ఉంటుంది.

లోపలికి అడుగుపెట్టాక కథ తిరగబడుతుంది. మధ్యలో చదరంగా పచ్చిక, ఆకాశం కనబడుతూ ఉంటుంది, చుట్టూ నాలుగు వైపులా రాతి కమానుల వసారా. ఆ వసారాలోంచి గదుల్లోకి తలుపులు. అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది మండువా లోగిలే కదే!"

నేనెప్పుడూ అలా అనుకోలేదు. కానీ ఒకసారి అన్నాక ఇంక వేరే రకంగా చూడటం కుదరలేదు. మా తాతయ్యగారి ఊళ్లో మండువా ఇంట్లో మధ్యలో వాన పడేది, చుట్టూ వసారాలో మేం పడుకునేవాళ్లం. ఇక్కడ వసారాలో సన్యాసినులు పడుకోలేదు, నడుస్తూ జపం చేసుకున్నారు, అంతే తేడా. నాలుగు వైపులా గదులుండి మధ్యలో గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు ఎవడికైనా పనికొస్తుంది. రెడింగ్‌లో గోడలు మొండివైపోయి, ఇక్కడ ఇల్లు నిలబడడానికి సగం కారణం ఇదే అనిపించింది నాకు. మిగతా సగం కారణం ఒక దొంగ.

దొంగ కన్నా ముందు ఇల్లు కట్టించినావిడ సంగతి. ఎలా అని పేరు. (అవును, పేరే ఎలా, ఇక్కడ తెలుగు చదివేవాళ్లకి కొంచెం తికమకే, అత్తయ్య "ఎలా ఎలా పోయింది?" అని అడిగినప్పుడు నాకు నవ్వాగలేదు.) సాలిస్బరీకి కౌంటెస్, తండ్రి వారసత్వంగా వచ్చిన హోదా అది, చిన్నప్పుడే వచ్చింది. రెండో హెన్రీ రాజుకి పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు విలియం లాంగెస్పేకిచ్చి పెళ్లి చేశారు. పిల్లలు ఎనిమిదిమంది. భర్త 1226లో పోయాడు. మళ్లీ పెళ్లి చేసుకోమని పెద్దవాళ్ల నుంచి ఒత్తిడి వచ్చినా చేసుకోలేదు. విల్ట్‌షైర్ జిల్లాకి షెరిఫ్‌గా, అంటే రాజు తరఫున జిల్లా చూసే అధికారిగా, పనిచేసింది, ఆ రోజుల్లో ఆడవాళ్లు ఆ పదవిలో ఉండటం బాగా అరుదు. 1232 ఏప్రిల్ 16న ఒకే రోజు రెండు మఠాలకి శంకుస్థాపన చేసిందట, పొద్దున్న లేకాక్‌లో ఆడవాళ్లకి ఇది, మధ్యాహ్నం పదహారు మైళ్ల అవతల హింటన్‌లో మగవాళ్లకి ఇంకోటి. కొన్నేళ్లకి తనే లేకాక్‌లో సన్యాసినిగా చేరి, మఠాధిపతి అయి, 1257లో ఆ బాధ్యత దించుకుని, 1261లో ఇక్కడే పోయింది. ఆమె సమాధి రాయి ఇప్పుడు వసారాలో ఉంది. మొదట చర్చిలో ఉండేది, చర్చి లేకుండా పోయింది కాబట్టి ఇక్కడికి చేరింది.

వసారా చుట్టూ ఉన్న గదుల్లో నాకు బాగా నచ్చింది కుంపటి గది. సన్యాసినులు చలికాచుకోవడానికి నిప్పు ఉండే గది అది. దాని మధ్యలో ఒక కంచు గంగాళం ఉంది, మనిషి కూర్చోగలిగేంత. ఇప్పటి బెల్జియంలోని మెఖలెన్ అనే ఊళ్లో 1500లో పోతపోసిందని దాని మీదే ఉంది. అక్కడ గంటలు పోతపోసే కుటుంబం చేసిందట. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని, వంగి, గంగాళం అంచుని వేలి కణుపుతో టకటకా కొట్టబోయారు, గదిలో ఉన్న వలంటీర్ పెద్దావిడ దగ్గరికొచ్చి మెల్లగా చెయ్యి అడ్డం పెట్టింది. "గంట లోహమో కాదో చూద్దామనీ" అన్నారు అత్తయ్య తెలుగులో. ఆవిడకి అర్థమైనట్టే తలూపింది. పెళ్లిళ్లలో పప్పు ఉడికించే గుండిగలు దీనికంటే చిన్నవి అని ఇంటికొచ్చేదాకా అంటూనే ఉన్నారు.

ఇక దొంగ. 1539 జనవరిలో ఇక్కడి మఠాధిపతి జోన్ టెమ్స్ గొడవ పడకుండా మఠాన్ని రాజుకి అప్పగించేసింది, సన్యాసినులకి పింఛన్లు ఇచ్చి పంపేశారు. మరుసటేడు విలియం షారింగ్టన్ అనే ఆస్థాన ఉద్యోగి దీన్ని 783 పౌండ్లకి కొన్నాడు. కొనగానే చేసిన పని చర్చిని పూర్తిగా పడగొట్టించడం. వసారా, దాని చుట్టూ గదులు, పైన సన్యాసినులు పడుకునే హాలు, భోజనాల హాలు, ఇవన్నీ ఉంచుకున్నాడు. కింద మఠాన్ని దాదాపు అలాగే వదిలేసి పై అంతస్తులో కాపురం పెట్టాడన్నమాట. దేవుడి గది తీసేసి వసారా, వంటిల్లు ఉంచుకున్నట్టు. మనకి తలుచుకోవడానికే ఒకలా ఉంటుంది, కానీ ఆయన లెక్కలో పూజ జరగని చర్చి అంటే ఊరికే పెద్ద కప్పు, కాపురానికి పనికిరాదు.

ఆ ఎనిమిది పలకల బురుజు ఆయన కట్టించిందే. అందులో బంగారం, కాగితాలు దాచుకునే గది, దానిలో చెక్కిన రాతి బల్ల. ఆయన గుర్తు తేలు. తేలునే గుర్తుగా పెట్టుకున్నవాడి దగ్గర నేనైతే చిల్లర కూడా తీసుకోను. బ్రిస్టల్ నాణేల ముద్రణాలయానికి అధికారి అయ్యాడు, నాణేలు తరుగు తీసి, తక్కువ లోహంతో కొట్టించి, లెక్కలు మార్చి సొమ్ము చేసుకున్నాడు. అప్పటి రాజు ఆరో ఎడ్వర్డ్ మేనమామ థామస్ సీమోర్ చేసిన కుట్రకి ఆ డబ్బు సాయం చేశాడని 1549లో పట్టుబడ్డాడు. అంతా ఒప్పేసుకున్నాడు. సీమోర్ తల పోయింది, ఈయనకి క్షమాభిక్ష దొరికింది. డబ్బు కట్టి ఆస్తులు వెనక్కి తెచ్చుకుని, మళ్లీ విల్ట్‌షైర్ షెరిఫ్ కూడా అయ్యాడు. కౌంటెస్ ఎలా ఒకప్పుడు కూర్చున్న కుర్చీలోనే! ఊళ్లో సెయింట్ సిరియాక్ చర్చిలో ఈయన సమాధి ఉంది, సాయంత్రం చూశాం, ఎంత దర్జాగా ఉందో. ఒక చర్చిని నేలమట్టం చేసినవాడికి ఇంకో చర్చిలో మంచి చోటు దొరికింది.

ఆయనకి పిల్లల్లేరు, ఇల్లు తమ్ముడికి, తమ్ముడి కూతురు ఆలివ్‌కి వచ్చింది. ఆలివ్ కథ 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రే రాసిపెట్టాడు, ఎంత నిజమో ఆయనకే తెలియాలి. జాన్ టాల్బట్ అనే అబ్బాయిని ప్రేమించింది, నాన్న ఒప్పుకోలేదు. ఓ రాత్రి అతను కింద, ఈమె మేడ మీద నిలబడి మాట్లాడుకుంటుంటే, "నీ దగ్గరికి దూకేస్తా" అంది. అతను వేళాకోళం అనుకున్నాడు. ఈమె దూకేసింది. గాలికి గౌను ఉబ్బి పడటం నెమ్మదైంది గానీ కింద ఉన్నవాడు దెబ్బకి చచ్చినట్టు పడిపోయాడు. చివరికి నాన్న, ఇంత దూకుడు దూకింది కాబట్టి చేసుకోనివ్వండి అన్నాడట. "దూకింది పిల్ల, దెబ్బ పిల్లాడికి" అని మావారు నుదుటి మీద బొప్పి తడుముకుంటూ అన్నారు. అప్పటినుంచి ఇల్లు టాల్బట్ వంశానిది.

పెద్ద హాలు 1750లలోది. అప్పటి యజమాని జాన్ ఐవరీ టాల్బట్, శాండర్సన్ మిల్లర్ అనే ఆయన చేత గోథిక్ పద్ధతిలో కట్టించాడు. ఇది నాకు విచిత్రంగా అనిపించింది. కింద నిజమైన పదమూడో శతాబ్దపు కమానులున్నాయి, పైన పాత కాలం లాగా కనబడాలని కొత్త హాలు. కప్పంతా స్నేహితుల వంశ చిహ్నాలు, గోడల గూళ్లలో కాల్చిన మట్టి బొమ్మలు. వాటిలో ఒక మేక ముక్కు మీద నిజం చక్కెర బిళ్ల ఉంది. ఎప్పుడో ఒక కుర్రాడు సరదాకి పెట్టాడట, అప్పటినుంచి ఉంచుతున్నారు. చిన్నికి ఈ మొత్తం యాత్రలో కుక్క చక్రం తర్వాత ఇదే.

చివరికి దక్షిణపు గ్యాలరీకి వచ్చాం. నేను నిజానికి ఈ కిటికీ కోసమే వచ్చాను. కూల్చేసిన చర్చి ఈ వైపే ఉండేది, దాని ఉత్తరపు గోడే ఇప్పుడు ఇంటికి దక్షిణపు ముఖం. ఆ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన గోథిక్ కిటికీలు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ పెట్టించినవి. ఆయన అయిదు నెలల పిల్లాడప్పుడే తండ్రి అప్పులు మిగిల్చి పోయాడు, ఇల్లు అద్దెకిచ్చేశారు, 1827లో గానీ సొంతింట్లో చేరలేకపోయాడు. లెక్కలు, మొక్కలు, పాత భాషలు, అన్నీ వచ్చు. బొమ్మలు గీయడం మాత్రం రాదు. 1833లో ఇటలీలో కోమో సరస్సు దగ్గర, పెళ్లయిన కొత్తల్లో, భార్య కాన్‌స్టన్స్ చక్కగా గీస్తుంటే తన బొమ్మ తనకే నచ్చక, వెలుగే కాగితం మీద బొమ్మ గీసుకుంటే బాగుండు కదా అనుకున్నాడు. ఫోటో కనిపెట్టడానికి ఒక కారణం భార్య దగ్గర పోయిన పరువు అని నేను మావారితో అంటే, విననట్టు నటించారు.

పద్ధతి ఇలా. మంచి రాత కాగితాన్ని పలచటి ఉప్పు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూయాలి, అప్పుడు వెలుగు తగిలిన చోట నల్లబడుతుంది. నల్లబడటం ఆపాలంటే మళ్లీ చిక్కటి ఉప్పు నీళ్లు. చిన్న చిన్న చెక్క పెట్టెల్లో ఈ కాగితం పెట్టి ఇంటి చుట్టూ వదిలేసేవాడు, కాన్‌స్టన్స్ వాటిని ఎలుకల బోనులు అనేది. 1835 ఆగస్టులో ఒక బోనుని ఈ కిటికీకి ఎదురుగా పెట్టాడు. తపాలా బిళ్లంత నెగటివ్ వచ్చింది. ప్రపంచంలో మిగిలి ఉన్న కెమెరా నెగటివ్‌లలో అన్నిటికంటే పాతది అదే. పక్కనే తన చేత్తో రాసుకున్నాడు, తీసిన కొత్తల్లో భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 గాజు పలకలు లెక్కపెట్టొచ్చని. అసలు నెగటివ్ బ్రాడ్‌ఫోర్డ్ మ్యూజియంలో ఉంది, కిటికీ దగ్గర నకలు పెట్టారు. తర్వాత ఆయనే, తన బొమ్మ తను గీసుకున్న మొదటి ఇల్లు ఇదేనని నా నమ్మకం అన్నాడు.

నేనూ చిన్నీ గాజు పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. చిన్న చిన్న పలకలు, సీసం పట్టీల మధ్య ఒక్కోటీ ఒక్కో రకంగా వంగి, బయట చెట్లు వాటిలో ముక్కలుగా ఊగుతున్నాయి. నూట ముప్పై దాటాక ఎవరో అడ్డం నిలబడి సెల్ఫీ తీసుకున్నారు, లెక్క పోయింది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఇద్దరికీ లేదు. అత్తయ్యకి ఉప్పు సంగతి చెప్తే, "ఉప్పూ ఎండా అంటే, మాగాయ పెట్టినట్టే ఉంది" అన్నారు. ఫోటోగ్రఫీ గురించి ఇంత తక్కువ మాటల్లో నాకెవరూ చెప్పలేదు.

కాగితం నెగటివ్ అనగానే నాకు ఒక హంపీ ఫోటో గుర్తొచ్చింది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపీని పెద్ద పెద్ద మైనం పూసిన కాగితం నెగటివ్‌ల మీద తీశాడు, విఠల ఆలయం, రాతి రథం, అన్నీ. టాల్బట్ 1841లో పేటెంట్ చేసిన కాగితం నెగటివ్ పద్ధతినే ఫ్రాన్స్‌లో మైనం పూసి మెరుగు చేశారు, అదే పద్ధతి మన రాయల రాజధాని దాకా వెళ్లింది. ఆ ఫోటోల్లో రాతి రథం మీద ఇటుక గోపురం ఇంకా ఉంది, ఇప్పుడు లేదు.

ఇల్లు, ఊరు రెండూ 1944లో మటిల్డా టాల్బట్ అనే ఆవిడ నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చేసింది. ఈ ఇంట్లో తరతరాలుగా ఉన్న 1225 నాటి మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత పత్రం) ప్రతిని కూడా దేశానికి ఇచ్చేసింది. కట్టినావిడ ఎలా, ఇచ్చేసినావిడ మటిల్డా. మధ్యలో మగవాళ్లు కూల్చారు, కట్టారు, నాణేలు కొట్టారు.

పులిహోర తిందామని పచ్చిక మీద దుప్పటి పరిచామో లేదో వాన. కారులో కూర్చుని తిన్నాం, సీట్ల మధ్య పడిన వేరుశెనగ పప్పులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

మూడో రోజు, ఆదివారం

ఎలాని ఇక్కడ చూశాం కదా, ఆవిడ భర్తని కూడా చూసొద్దామని సాలిస్బరీ వెళ్లాం. గంట పైన ప్రయాణం, దారంతా గొర్రెలు. స్టోన్‌హెంజ్ అనే వేల ఏళ్ల నాటి రాళ్ల వలయం చాలా దగ్గరే, కానీ మేం ఆగలేదు. రాళ్లు నిన్నటికి సరిపోయాయి.

సాలిస్బరీ కథీడ్రల్ శిఖరం 123 మీటర్లు, ఇంగ్లండ్‌లో అంత ఎత్తు చర్చి శిఖరం ఇంకోటి లేదు. 1220లో పునాది రాళ్లు వేసినప్పుడు ఒకటి ఆ భర్త విలియం లాంగెస్పే వేశాడు, తర్వాతది ఆయన భార్య ఎలా వేసింది. భార్యాభర్తలు పక్కపక్కన రాళ్లు వేసుకున్న చోట, ఆరేళ్లకే ఆయన్ని పాతిపెట్టారు. ఈ కథీడ్రల్‌లో మొదటి సమాధి ఆయనదే.

సమాధి మీద ఆయన రాతి బొమ్మ పడుకుని ఉంటుంది, గొలుసు కవచం, పక్కన పొడవాటి డాలు, దాని మీద ఆరు సింహాలు. రంగులు చాలావరకు పోయాయి, అక్కడక్కడా మిగిలాయి. విలియం 1225లో ఫ్రాన్స్ నుంచి తిరిగొస్తుంటే ఓడ తుఫానులో పడి నెలల తరబడి జాడ లేకుండా పోయాడు. చనిపోయాడనుకుని, రాజు దగ్గర చక్రం తిప్పుతున్న హ్యూబర్ట్ డి బర్గ్ తన బంధువుకి ఎలాని ఇచ్చి పెళ్లి చేయాలని చూశాడు. ఆవిడ కుదరదంది. అంతలో భర్త బతికొచ్చాడు. కొద్దికాలానికే, 1226 మార్చిలో, పోయాడు. హ్యూబర్ట్ విందుకి పిలిచి విషం పెట్టించాడని అప్పుడే పుకారు పుట్టింది.

ఇక్కడిదాకా మామూలు రాజుల కథే. 1791లో సమాధి తెరిచి చూస్తే పుర్రె లోపల ఒక ఎలుక ఎండిపోయి ఉంది, దానిలో ఆర్సెనిక్ విషం జాడలున్నాయట. ఆ ఎలుక ఇప్పుడు కథీడ్రల్ ఎదురుగా సాలిస్బరీ మ్యూజియంలో ఉంది. చిన్ని అడ్డం తిరిగి అక్కడికే ముందు వెళ్లాలంది. వెళ్లాం. చూడటానికి ఏమంత ఉండదు, నల్లటి చిన్న చిక్కంలా ముడుచుకుపోయి ఉంటుంది. ఎనిమిదివందల ఏళ్ల నాటి విషప్రయోగానికి ఒక ఎలుక సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలీదు. సమాధిలోకి ఎలుక ఎప్పుడైనా దూరొచ్చు, విషం ఎక్కడైనా తినొచ్చు. అత్తయ్య మాత్రం తీర్పు చెప్పేశారు: "ఆ హ్యూబర్టే. పిల్లనడిగి లేదనిపించుకున్నవాడు ఊరుకోడు."

కథీడ్రల్ సభ మందిరంలో 1215 నాటి మాగ్నా కార్టా ప్రతి ఉంది, మిగిలిన నాలుగింట్లో ఒకటి. మసక వెలుతురులో, చిన్న గుడారం లాంటి అరలో పెట్టారు. జాన్ రాజుకి సలహా ఇచ్చిన వాళ్ల పేర్లలో విలియం పేరు కూడా పైనే ఉంది. లాటిన్, పైగా చీమల బారుల్లాంటి చేతిరాత, మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా పది నిమిషాలు నిలబడ్డాం. వెనక వరస పెరిగితే జరిగాం.

సాయంత్రం తిరిగి లేకాక్ వచ్చి, అటక ఎక్కి, తల కొట్టుకుని పడుకున్నాం.

నాలుగో రోజు, సోమవారం

పొద్దున్నే బయల్దేరి పన్నెండుకల్లా రెడింగ్ చేరాం. ఇంటికెళ్లే ముందు మావారిని బేకర్ స్ట్రీట్ మీదుగా పోనిమ్మన్నాను. ఎన్నోసార్లు ఆ వీధిలోంచి వెళ్లినా ఎప్పుడూ పట్టించుకోలేదు. 1844లో టాల్బట్ దగ్గర ఒకప్పుడు సేవకుడిగా చేసిన నికొలాస్ హెన్నెమన్ ఇక్కడే ఫోటోలు ముద్రించే పని పెట్టాడు. లేకాక్‌కీ లండన్‌కీ మధ్యలో ఉందని, రైలు కూడా వచ్చిందని ఈ ఊరు ఎంచుకున్నారు. తోటలో వరసగా ఎండలో చట్రాలు ఆరబెట్టి, ఒక్కో కాగితం మీద ఒక్కో ఫోటో దింపేవారు. మబ్బు పట్టిందంటే పని బందు. ఇంగ్లండ్‌లో ఎండని నమ్ముకుని వ్యాపారం పెట్టారంటే వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. 1847లో మూసేశారు. ఇప్పుడక్కడ మామూలు ఇళ్లు, కార్లు, చెత్త డబ్బాలు.

తర్వాత యాబీ శిథిలాల దగ్గర అయిదు నిమిషాలు ఆగాం. అత్తయ్య ఈసారి వేరేగా చూశారు. "ఇక్కడ మండువా ఎక్కడుండేది?" అని అడిగారు. వసారా ఉండిన చదరం చూపించాను, పచ్చిక, చుట్టూ మొండి గోడలు. ఆవిడ మధ్యలో నిలబడి పైకి చూశారు. "ఇక్కడా ఒక నాణేల దొంగ కాపురం పెట్టుంటే బాగుండేది" అన్నారు.

మధ్యాహ్నం నాలుగింటికి ఎండొచ్చింది. లేకాక్ దుకాణంలో చిన్ని కొనిపించుకున్న నీలం కాగితాల పొట్లం ఉంది, ఎండలో పెట్టి నీళ్లలో కడిగితే బొమ్మ వచ్చేవి. ఉప్పు, వెండి పద్ధతి కాదిది, టాల్బట్ స్నేహితుడు జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన వేరే రసాయనం. టాల్బట్ మొదట్లో ఆకులు, లేసులు పెట్టి బొమ్మలు దింపాడు కాబట్టి మేమూ ఆకే పెడదామనుకున్నాం. వంటింటి కిటికీలో అత్తయ్య ప్రాణంగా చూసుకుంటున్న కుండీలోంచి ఒక కరివేపాకు రెమ్మ, అడిగి, తుంచి, కాగితం మీద పెట్టి, పైన ఫోటో ఫ్రేము అద్దం బోర్లించి, పెరట్లో పెట్టాం. పది నిమిషాల్లో కాగితం వెలిసిపోయింది. చిన్ని సింకులో నీళ్లు పట్టి ముంచింది. నీలం చిక్కబడుతూ ఉంటే మధ్యలో తెల్లగా రెమ్మ తేలింది, ఒక్కో ఆకు అంచు, ఈనె, చివర చీడ కొరికిన చిన్న తొర్రతో సహా.

"బానే వచ్చిందే" అన్నారు అత్తయ్య, చేతులు తుడుచుకుంటూ. "ఆ రెమ్మ పారేయకు, ఇలా ఇవ్వు, చారులోకి."